బందెలదొడ్డిలో విమానం

శుక్రవారం పొద్దున పది గంటలకు చెంచురామయ్య తన పొలం గట్టు మీద గొంతుక్కూచుని, కాలవ కేసి చూస్తూ బీడీ ముట్టించబోతుండగా, వెనక నుంచి విమానం వచ్చి మడిలో పడింది.

పెద్ద విమానం కాదు. నలుగురు పట్టేది. చెంచురామయ్య ఊరు నక్కలదిన్నెకు ఏడు మైళ్ల అవతల ప్రైవేటు వాళ్ల విమానాల మైదానం ఒకటుంది. అక్కడ లేచి, అయిదు నిమిషాలు గాల్లో తిరిగి, ఆరో నిమిషానికి దిగిపోయింది. ముక్కు వరిమడిలో గుచ్చుకుంది. పొట్ట గట్టు మీద ఆనింది. తోక వెనక్కి వాలి, పిల్లకాలవ రెండుగా చీలే చోట, కొలిచి తెచ్చినట్టు అడ్డంగా కూరుకుపోయింది. ఆ చీలిక దగ్గర ఎడమ పాయ చెంచురామయ్య మడికి పోతుంది, కుడి పాయ దిగువ రైతులకు పోతుంది. ఇప్పుడు రెండూ మూసుకున్నాయి.

చెంచురామయ్య బీడీ చెవిలో పెట్టుకుని మడిలోకి దిగాడు. తలుపు ఊడలాగి లోపలి మనిషిని బయటికి తీశాడు. నుదుటి మీద బొప్పి తప్ప అతనికేమీ కాలేదు. బురద కాపాడింది. ముంతతో నీళ్లిస్తే గటగటా తాగాడు.

"చుక్కాని బిగుసుకుపోయింది పెద్దాయనా," అన్నాడు పైలట్ ఆయాసపడుతూ. "అదే, తోక చివర నిలువు పలక. ఎడమకి తిప్పితే తిరగలేదు, కుడికి తిప్పితే తిరగలేదు."

చెంచురామయ్య ఆ పలకను చూశాడు. కాలవను చూశాడు. తన వరిని చూశాడు. వరి పొట్ట మీదుంది, వెన్ను తీసే వేళ.

"గురువారం నీళ్లొస్తయ్," అన్నాడు.

పైలట్‌కు అర్థం కాలేదు. ఓదార్పు మాట అనుకుని దండం పెట్టాడు.

చెంచురామయ్య రోజుకు పది మాటలు దాటి మాట్లాడే మనిషి కాడు. ఆయన వాటా కూడా భార్య వజ్రమ్మే మాట్లాడుతుంది. ఆమె వచ్చి చూసి, ఒక్క ఊపిరిలో సంగతి తేల్చేసింది. కాలవ చివరి పొలాలకు వారం విడిచి వారం, గురువారం నాడే నీళ్లు. నీటి శాఖ లష్కర్ దావీదు తెల్లారి ఎగువ తూము ఎత్తుతాడు, మర్నాటికి దించేస్తాడు. ఈ గురువారం తప్పితే ఇంకో రెండు వారాలు. పొట్ట మీదున్న వరి అన్నాళ్లు ఆగదు, గింజ పట్టక తాలు పోతుంది. తమ నాలుగెకరాలే కాదు, కింద పోలిరెడ్డితో మొదలుపెట్టి ఇరవై ఎకరాలు.

"అంతే గదయ్యా?" అంది మొగుడితో.

"అంతే," అన్నాడు చెంచురామయ్య.

శనివారం తహసీల్దారుగారు జీపులో వచ్చారు. వెంట గ్రామ రెవిన్యూ అధికారి, ఒక కానిస్టేబులు, ఒక చుట్ట పసుపుపచ్చ రిబ్బను. విమానం చుట్టూ నాలుగు వైపులా యాభై మీటర్ల మేర రిబ్బను కట్టించి, రాజధాని నుంచి వచ్చిన ఉత్తర్వు చదివి వినిపించారు.

"విచారణాధికారి వారు స్వయముగా పరిశీలించు పర్యంతము సదరు విమానమును గాని, దాని భాగములను గాని, అది తాకియున్న నేలను గాని ఏ వ్యక్తియు తాకరాదు."

"వాళ్లెప్పుడొస్తారు సారూ?" అంది వజ్రమ్మ.

"వచ్చే నెల పదో తారీఖు."

"అప్పటికి వరి ఎండి గడ్డవుద్ది."

"చూడమ్మా," అన్నారు తహసీల్దారుగారు గొంతు సవరించుకుని. "విమానం కూలడం జాతీయ విషయం. వరి ఎండడం స్థానిక విషయం."

"రెండూ ఒకే మళ్లో ఉన్నయ్ గదా సారూ."

"పోనీ పక్కన బోదె కాలవ తవ్వుకుంటామండీ, విమానం జోలికి రాం," అన్నాడు పోలిరెడ్డి.

"తాకియున్న నేల అని స్పష్టంగా ఉంది."

"నేలంతా ఒకటే ముక్క గదండీ. ఇప్పుడు మనం నిలబడ్డదీ దాన్ని తాకేదే."

తహసీల్దారుగారు ఒక కాలెత్తారు. రెండోది కూడా ఎత్తే వీల్లేదని గ్రహించి జీపెక్కి వెళ్లిపోయారు. కానిస్టేబులు మాత్రం గట్టు మీద కుర్చీ వేసుకుని విమానానికి కాపలా కూచున్నాడు.

సోమవారం అర్జీల రోజు. చెంచురామయ్య, వజ్రమ్మ గ్రామ సచివాలయానికి వెళ్లారు. పంచాయతీ కార్యదర్శి హైమావతి పని చేసే మనిషి. వచ్చిన అర్జీని ఆ పూటే కంప్యూటరులోకి ఎక్కించకపోతే ఆమెకు అన్నం సయించదు.

"పంట నష్టానికి కారణం?" అంది తెర మీద చూస్తూ.

"విమానం," అంది వజ్రమ్మ.

"అది లేదండీ ఇందులో. వరద, గాలివాన, అగ్ని, తెగులు, అడవి పందులు, పరాయి పశువులు. ఈ ఆరే."

"ఇంకేవైనా అని ఉండదా అమ్మా?"

"ఇతరములు అని ఉండేది. అందరూ అదే నొక్కుతున్నారని పోయిన నెల తీసేశారు." హైమావతి పెన్నుతో గడ్డం గోక్కుంది. "వరద కాదు. గాలివాన కాదు. మండిందా?"

"లేదు," అన్నాడు చెంచురామయ్య.

"తెగులు కాదు, పంది కాదు. బయటి నుంచి వచ్చింది కదా?"

"ఆ."

"దానికో యజమాని ఉన్నాడా?"

"ఎవరో కాంట్రాక్టరంట," అంది వజ్రమ్మ.

"యజమాని అదుపు తప్పి మీ చేలో పడి, పంట తొక్కేసిందా?"

"తొక్కింది."

"మరి ఇంకేంటండీ!" అంటూ హైమావతి పరాయి పశువులు నొక్కేసింది.

నొక్కగానే కంప్యూటరు ఇంకా అడిగింది. రంగు అడిగితే తెలుపని చెప్పారు. కొమ్ములడిగితే, ముందు వైపు ఒకటుంది, తిరిగేది, ఇప్పుడు వంగిపోయింది అంది వజ్రమ్మ. తోక ఉందన్నారు. వాతలేమైనా ఉన్నాయా అంటే పక్కన ఇంగ్లీషు అక్షరాలున్నాయన్నారు. స్వభావం దగ్గర హైమావతి ఆగింది.

"పొడుస్తుందా?"

చెంచురామయ్య ఆలోచించాడు. "ఒకసారి పొడిచింది," అన్నాడు.

నిమిషం తిరక్కుండా యంత్రం కాయితం కక్కింది. 'సర్వే నంబరు 214లో ప్రవేశించిన పశువు ఒకటిని నలభై ఎనిమిది గంటల్లోగా గ్రామ బందెలదొడ్డికి తోలవలెను.' కింద నంబరు, ముద్ర, కార్యదర్శి సంతకం.

చెంచురామయ్య దాన్ని రెండుసార్లు చదివాడు.

"తోలుకుపోవచ్చా?"

"పోవచ్చా ఏంటండీ! తోలకపోతే నేను సంజాయిషీ రాసుకోవాలి."

మంగళవారం కోడి కూయకముందే పశువుల డాక్టరుగారు మోటారుసైకిలు మీద వచ్చి పడ్డారు. ఆ పదిహేను రోజులూ జిల్లా అంతటా చెవిపోగుల పక్షోత్సవాలు. ప్రతి పశువుకూ చెవికి నంబరు బిళ్ల, ఒంటికి గాలికుంటు టీకా. నూటికి నూరు శాతం సాధించిన మండలానికి కలెక్టరు ఆఫీసులో శాలువా.

"ఆదివారం దాకా మాది నూటికి నూరు," అన్నారు డాక్టరుగారు ఏడుపు గొంతుతో. "నిన్న మధ్యాహ్నం నుంచి ఒకటి తగ్గింది. కంప్యూటరు బోర్డు మీద ఎర్రచుక్క. ఎవరిదయ్యా ఆ గేదె?"

చెంచురామయ్య చూపించాడు.

డాక్టరుగారు ముందుకు ఒంగి చూశారు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. అప్పటికీ అది విమానమే.

"ఇది గేదె కాదని నాకు తెలుస్తోంది," అన్నారు చివరికి. "కాని బోర్డుకు తెలీదు."

రిబ్బను దాటబోతే కానిస్టేబులు లేచాడు. "విమానాన్ని ఎవరూ ముట్టుకోకూడదండీ."

"విమానాన్ని ఎవడు ముట్టుకుంటున్నాడు? నేను పశువును ముట్టుకుంటున్నా," అని డాక్టరుగారు సెల్లులో నంబరు చూపించారు. కానిస్టేబులు ఆ నంబరునూ విమానాన్నీ మార్చి మార్చి చూసి, నంబరుకు ముద్ర ఉంది గనక కూచున్నాడు.

చెవి ఎక్కడో తేలలేదు. రెక్క కొసకు అదే నంబరుతో పసుపుపచ్చ బిళ్ల కొట్టారు. టీకా సూది రేకులోకి దిగలేదు. మెత్తగా ఉన్నది చక్రమొక్కటే. అందులో పొడిస్తే బుస్సుమని గాలి వచ్చింది. 'శ్వాస కలదు' అని రాసుకున్నారు డాక్టరుగారు. ఎర్రచుక్క ఆకుపచ్చగా మారింది.

"డాక్టరు బాబూ, దీన్ని తోలితే ఏం ఇబ్బంది లేదు గదా?" అంది వజ్రమ్మ.

"నెమ్మదిగా తోలండి. టీకా వేసిన ఒళ్లు."

బుధవారం మధ్యాహ్నం పోలిరెడ్డి ట్రాక్టరూ, దిగువ రైతులది ఇంకొకటీ పొలానికి వచ్చాయి. ఊరు ఊరంతా గట్ల మీద నిలబడింది. కానిస్టేబులు ఫోను చేస్తే తహసీల్దారుగారి జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది.

"ఎవరు చెప్పారయ్యా ముట్టుకోమని? జైలుకు పోతారు!"

చెంచురామయ్య జేబులోంచి కాయితం తీసి ఇచ్చాడు. తహసీల్దారుగారు చదివారు. ముద్రను వేలితో గీకి చూశారు. రెక్కకున్న బిళ్ల నంబరుతో సరిచూశారు. అది సరిపోయింది. రెవిన్యూ అధికారిని పక్కకు పిలిచి, పది మందికీ వినబడేట్టు రహస్యంగా అడిగారు.

"ఈ సర్వే నంబరులో మన రికార్డు ప్రకారం ఏముంది?"

"వరి ఉంది సార్. మొన్నటి నుంచి పశువు ఒకటి ఉంది."

"విమానం?"

"విమానానికి కాలమ్ లేదు సార్."

"అంటే లేనట్టా?"

"కాలమ్ లేకుండా ఎలా ఉంటుంది సార్?"

తహసీల్దారుగారి మొహం తేటపడింది. అయిదు రోజులుగా నెత్తి మీదున్న బరువు దిగినట్టు నిట్టూర్చి కానిస్టేబులు వైపు తిరిగారు. "లేనిదానికి కాపలా ఏంటయ్యా, ప్రభుత్వ సమయం వృథా చేస్తూ? చుట్టెయ్ రిబ్బను!" తరవాత రైతులతో, "పశువును తోలుకెళ్లండి. కొట్టకూడదు. పశుహింస నేరం," అన్నారు.

తాడు ముక్కుకు కట్టారు. ట్రాక్టర్లు రెండూ బిగలాగాయి. ముక్కు బురదలోంచి ఊడింది, పొట్ట గట్టు దిగింది, అంతలో ఫెళ్లుమని చప్పుడైంది. విమానం ముందుకొచ్చింది. తోక మాత్రం కాలవలోనే ఉండిపోయింది.

ఊరి చివర, చేలు మేసిన గొడ్లను కట్టేసే బందెలదొడ్డిలో పశువు అడుగుపెట్టి పదకొండేళ్లయింది. కాపలాదారు మస్తాను ఉద్యోగం మాత్రం ఉంది. దొడ్డిలో అతని మేకలుంటాయి. విమానానికి ముందు నడుస్తూ "హే... హే... పద తల్లీ" అని అదిలిస్తూ తీసుకొచ్చాడు. కాయితంలో తోలమని ఉంటే ఈడ్చుకొచ్చామని రాయడం అతని చేత కాదు. గోడ పక్కన నిలిపి, రాటకు కట్టి, నియమం ప్రకారం రెండు మోపుల పచ్చగడ్డి వేశాడు. సాయంత్రం రిజిస్టరులోనూ సెల్లులోనూ నిజాయితీగా రాశాడు: 'మేత వేసితిని. పశువు ముట్టలేదు. మేకలు ముట్టినవి.'

అదే సమయానికి వజ్రమ్మ సచివాలయంలో హైమావతి బల్ల పట్టుకుని నిలబడి ఉంది.

"తోక ఉండిపోయిందమ్మా. రేపు పొద్దున్నే నీళ్లు."

"ఉత్తర్వులో పశువు ఒకటి అని ఉందండీ. ఒకటి తోలారు. కేసు ముగిసింది."

"మరి ఆ మిగిలింది?"

"దానికి వేరే అర్జీ. సోమవారం రండి."

"సోమవారం వరకు వరి ఆగుద్దా? నా తల్లీ, నువ్వూ అన్నం తినే మనిషివే గదా!" వజ్రమ్మ కళ్లలోంచి నీళ్లు జారాయి. ఆమె ఏడవడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. వెంట వచ్చిన చెంచురామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

హైమావతి తెర మీద అటూ ఇటూ వెతికింది. ఏ అరలోనూ తోక లేదు. అంతలో పశువుల డాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు. మేత ముట్టలేదన్న మస్తాను రాత అప్పటికే ఆయన సెల్లులో మోగింది. దారిలో దొడ్డికి పోయి చూసే వచ్చారు.

"వెనక భాగం లేదేంటమ్మా?"

"పొలంలో ఉంది సార్," అంది హైమావతి. "ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ."

డాక్టరుగారు గోడకు చేరగిలబడ్డారు. "పొద్దున ఒకటి. సాయంత్రానికి రెండు. మేత ముట్టడం లేదు. నీరసం. వెనక అంతా ఖాళీ." వజ్రమ్మ కళ్లకేసి ఒకసారి చూశారు. తరవాత హైమావతి బల్ల మీద చీటీ పుస్తకం తెరిచి, తొణక్కుండా రాశారు. 'ఈనినది. దూడ ఒకటి. పుట్టిన చోటు నుంచి ఇరవై ఒక్క రోజులు కదపరాదు. దూడను తుడిచి, శుభ్రపరచి, లేపి నిలబెట్టు బాధ్యత పొలము యజమానిదే. జాప్యము కూడదు.'

వజ్రమ్మ కళ్లు తుడుచుకుంది. "దానికి కాళ్లు లేవు గదా బాబూ."

"ఉన్నవాటి మీద నిలబెట్టండి," అన్నారు డాక్టరుగారు.

సందె వెలుతురు ఉండగానే చెంచురామయ్య పారా, ముంతా పట్టుకుని కాలవలోకి దిగాడు. చీటీలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. ముందు తుడిచాడు. నీళ్లు పోసి బురద కడిగాడు. నిలువు పలక కీలు దగ్గర చేతికి మెత్తగా ఏదో తగిలింది. వేళ్లు పెట్టి లాగాడు. కొబ్బరి పీచు, పత్తి, గుడ్డపేలికలు, కలిపి బిగించిన ఉడత గూడు. ఆ విమానం ఎక్కడో కొట్టంలో నెలల తరబడి కదలకుండా ఉండి ఉంటుంది. ఉడతకు ఆ సంగతి తెలిసింది.

గూడు తీసి గట్టు మీద రాయి కింద భద్రంగా పెట్టాడు. పలకను తోశాడు. కొంచెం కిర్రుమని, ఎడమకు తిరిగింది. ఇటు లాగితే కుడికి తిరిగింది.

చెంచురామయ్య పలకను చూశాడు, రెండు పాయలనూ చూశాడు. తరవాత పోలిరెడ్డిని కేకేసి, ఇద్దరూ తోకను పైకి లేపి, చీలిక నోట్లో నిలువునా నిలబెట్టి, అడుగున రెండు అడ్డ రెక్కలనూ మట్టిలో పాతి, చుట్టూ బంకమన్ను దట్టించారు. దూడ నిలబడింది.

గురువారం తెల్లారి నీళ్లొచ్చాయి. ఎర్రగా, చెత్త మోసుకుంటూ వచ్చి తోకను తాకి ఆగాయి. చెంచురామయ్య పలకను కుడికి తోశాడు. కుడి పాయ మూసుకుని, నీళ్లన్నీ ఎడమ పాయలో ఆయన మడికి పరిగెత్తాయి. తన వంతు అయ్యాక ఎడమకు తోశాడు. పోలిరెడ్డి మడికి మళ్లాయి. చుక్క నీరు పక్కకు పోలేదు.

లష్కర్ దావీదు సైకిలు దిగి నోరెళ్లబెట్టాడు. "ఇరవై ఏళ్ల నుంచి మా డిపార్టుమెంటోళ్లు ఇక్కడ షట్టరు పెడతాం పెడతాం అంటానే ఉన్నారు. ఎవరు శాంక్షన్ చేశారు బాబాయ్?"

"పైనుంచొచ్చింది," అన్నాడు చెంచురామయ్య.

పది రోజులకు కాంట్రాక్టరుగారి మేనేజరు లారీ వేసుకుని వచ్చాడు. హైమావతి చూపిన చోట, పాడి పశువు ఒకటి ఆరోగ్యంగా ముట్టినట్టు సంతకం పెట్టాడు. దూడ కూడా కావాలా అని అడిగితే, ఏ దూడ అన్నాడు. వద్దన్నట్టు ఆమె రాసుకుంది. మస్తాను లారీ వెంట ఊరి పొలిమేర దాకా నడిచి వెళ్లాడట.

పై నెల పదో తారీఖున, చెప్పిన రోజు చెప్పిన గంటకు, విచారణాధికారి దిగారు. ఆ రోజు గురువారమే, కాలవ వంతు రోజు. వరి గింజ పాలు పోసుకుని గట్టిపడుతోంది. ఇదే ఆఖరి తడి.

విమానమేదని ఆయన అడిగితే రిజిస్టరు చూపించారు. మిగిలినదేదని అడిగితే పొలం చూపించారు. ఆయన బూట్లతోనే గట్టు మీదికొచ్చి, నూటముప్పై ప్రశ్నల పుస్తకం తెరిచారు.

"ప్రమాదకారణము చుక్కాని బిగుసుకొనుటయని పైలట్ వాంగ్మూలము," అని చదివి, ఒంగి పలకను పట్టుకుని తిప్పారు. ఎడమకు తిరిగింది. కుడికి తిరిగింది. మళ్లీ ఎడమకు తిప్పారు. వెన్నలా తిరిగింది. "స్వేచ్ఛగా తిరుగుచున్నది. లోపము లేదు. కారణము కనబడలేదు," అని రాసుకున్నారు.

చెంచురామయ్య రాయి కింద నుంచి గూడు తీసి ఆయన ముందు పెట్టాడు.

"ఏమిటిది?"

"అక్కడ ఇరుక్కుంది," అని కీలు చూపించాడు చెంచురామయ్య. "నేనే తీశా."

అధికారి గూడును పెన్నుతో తిప్పి చూశారు. పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పారు. "తొంభై రెండో ప్రశ్న పక్షుల గురించి. ఇది పక్షి గూడా?"

"ఉడత."

"ఉడత పక్షి కాదు. మా పరిధిలోనిది కాదు. అటవీ శాఖవారికి విడిగా రాసుకోండి." పుస్తకం మూసి పెన్ను జేబులో పెట్టుకున్నారు. పనైపోయిన మనిషి మొహం పెట్టి జీపు వైపు నడవబోయారు.

చెంచురామయ్య ఆయన వెనకే గట్టు మీద కదిలాడు. చూపు మాత్రం తన మడి మీదే ఉంది. అధికారి పలకను ఎడమకు తిప్పి వదిలేసినప్పటి నుంచి మడిలోకి నీళ్లు ఆగిపోయాయి. దిగువన పోలిరెడ్డి గట్టు మీద కూచుని, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్నాడు.

"సారూ," అన్నాడు చెంచురామయ్య.

అధికారి ఆగారు. కొత్త సాక్ష్యమేదో దొరుకుతుందేమోనని పెన్ను మళ్లీ తీశారు.

"దాన్ని అటు తిప్పి పొండి. నా వంతు ఇంకో అరగంట ఉంది."

అధికారి వెనక్కొచ్చి, ఒంగి, పలకను కుడికి తిప్పారు. అది తిరిగింది.